నూనె చుక్క లేని డోనట్ ఉండలు

నేను ఒక ఎయిర్ ఫ్రయర్‌ని. పొట్టలో వేడిగాలి తప్ప మరేమీ లేనిదాన్ని. ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసి, అట్టపెట్టె మీద ‘నూనె లేని వంట’ అని గొప్పగా రాశారు. రాసినవాళ్లకు రామచంద్రపురం వైదేహమ్మ సంగతి తెలియదు, పాపం.

ఆవిడ నన్ను కొన్నది సరదాకి కాదు. భర్త పేర్రాజు గారికి గుండెలో స్టెంటు వేశారు. "నూనె మానకపోతే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే" అన్నాడు డాక్టరు. పేర్రాజు గారేమో సాయంత్రం పునుగులు లేనిదే కాఫీ ముట్టని మనిషి. ఆయనా చల్లగా ఉండాలి, ఆయన నాలుకా చల్లగా ఉండాలి. అందుకని నేను దిగాను. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టి, "నా పసుపు కుంకుమలు నీ చేతిలో ఉన్నాయి తల్లీ" అంది వైదేహమ్మ. నాకు చేతులెక్కడివి? అయినా ఒళ్లు ఝల్లుమంది.

మొదటి రోజే ఫోనులో చూసి డోనట్ ఉండలు మొదలుపెట్టింది. గోరువెచ్చటి పాలలో ఈస్టు, పంచదార వేసి, నురగ వచ్చాక మైదా కలిపింది. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఫోను పక్కన పడేసి వాళ్లమ్మను తలుచుకుంది. మైదా అంటే ఆవిడకు బొబ్బట్లే. బొబ్బట్ల పిండి నూనెలో మునిగి నానకపోతే మెత్తబడదని వాళ్లమ్మ చెప్పిందట. ఇంకేముంది, సీసా వంచి గుమ్మరించింది.

పేర్రాజు గారు వంటింట్లోకి తొంగి చూశారు. "అదేంటే, అంత నూనె?"

"నానడానికండీ! వేయించడానికి చుక్క వాడితే ఒట్టు!"

ఆయన ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మేష్టారు. ఈ లెక్క దగ్గర మాత్రం నోరు మూసుకుని పళ్లెం తెచ్చుకున్నారు.

పొంగిన పిండిని నిమ్మకాయంత ఉండలు చేసి, అవి ఇంకోసారి పొంగాక నా బుట్టలో పేర్చింది. నేను ఊదిన గాలికి అవి బంగారు రంగు తిరిగాయి. కారిన నూనె నా అడుగున చేరింది. హమ్మయ్య, ఇప్పటికైనా చూస్తుంది కదా అనుకున్నాను. చూసింది. "పారబొయ్యడానికి మనసెలా వస్తాదీ" అంటూ మర్నాటి పిండికి దాచింది. పైగా ఉండల్ని కరిగిన నెయ్యిలో ముంచి, పంచదారలో దొర్లించింది. నెయ్యి నూనె కాదట! పేర్రాజు గారు పూటకు డజను లాగించేవారు.

మూడు నెలలకు పరీక్ష చేస్తే కొలెస్ట్రాల్ దిగకపోగా ఇంకో రెండు మెట్లు ఎక్కింది. "మీ ఇంట్లో నూనె మానలేదు" అన్నాడు డాక్టరు. వైదేహమ్మకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు నన్ను సంచీలో, ఉండల్ని డబ్బాలో పెట్టుకుని, మొగుణ్ణి వెంటేసుకుని ఆసుపత్రికి వెళ్లింది. నన్ను బల్ల మీద ఠపీమని పెట్టింది.

"ఇదిగోనండి, దీంట్లోనే చేత్తున్నాను. చుక్క నూనె ఉంటే చూపించండి!"

డాక్టరు ఒక ఉండ తీసి, రిపోర్టు కాగితం మీద పెట్టి నొక్కాడు. ఉండ తీసేసరికి కాగితం అద్దంలా అయింది. దాని కింద పేజీలోని అంకెలు పైకి కనిపించాయి.

ఆవిడ ఆ మరకనే చూస్తూ ఉండిపోయింది. "నా చేత్తో నేనే పెట్టానా అండీ?" అంది. నాకు జాలేసింది.

పేర్రాజు గారు తల వంచుకున్నారు. "నాకు తెలుసే. రుచిగా ఉన్నాయని ఊరుకున్నాను."

ఇప్పుడాయన సాయంత్రాలు ఆవిరి కుడుములు తింటున్నారు. నేను అటక మీద ఉన్నాను. మొన్న పక్కింటావిడ వచ్చి, అలాంటిది తనూ కొనుక్కుందామనుకుంటున్నానంది.

"వద్దమ్మా, మాయదారి మిషను! దాంట్లోంచే నూనె ఊరుతాది" అంది వైదేహమ్మ.

"ఆయ్, నిజమేనండి" అన్నారు మేష్టారు.

అసలు సంగతి మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో నోరు లేనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకని తప్పు నాదైంది.