తుడిచేసిన బొమ్మలు

“నీ ఫోన్‌లో చెత్తంతా తీసేశాను. ఇప్పుడు చూడు, ఎలా పరిగెడుతుందో” అన్నాడు ఎఫ్రాయిన్, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

ఒతీలియా పెనం మీద ఎండుమిరపకాయలు వేయిస్తోంది. మర్నాడు అత్తగారు దోన్యా కాందిదా పుట్టినరోజు. ఇంటినిండా చుట్టాలు, అందరికీ మోలే పులుసు వండాలి. మిరపకాయ కాస్త ఎక్కువ వేగితే పులుసంతా చేదెక్కుతుంది. అందుకే తల తిప్పకుండానే అడిగింది. “ఏం చెత్త?”

“అవే, నీ మ్యూజియం పిచ్చి బొమ్మలు. నిన్న అక్క కూతురి వేడుకలో నా ఫోన్ చార్జింగ్ అయిపోయి నీది తీసుకున్నాగా? పిల్ల డాన్సు మొదలెట్టిందో లేదో, చోటు లేదని వీడియో ఆగిపోయింది. తీసేసినవి ఓ బుట్టలో ఉంటాయట, అదీ ఖాళీ చేసేశాలే. శుభ్రంగా.”

మిరపకాయలు మాడిపోయాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఈ ఇంట్లో శుభ్రం చేసింది అదొక్కటే.

కిందటి నెల అత్తగారి మందుల కోసం ఊరి నడిబొడ్డుకు వెళ్లి, వాన పట్టుకుంటే మ్యూజియంలోకి దూరింది ఒతీలియా. ఆదివారం కాబట్టి టికెట్ లేదు. మేడ మీద అధివాస్తవిక చిత్రాల ప్రదర్శన, అన్నీ ఆడవాళ్లు వేసినవే. ఒకదాంట్లో భోజనాల బల్లకున్న నాలుగు కాళ్లూ ఆడవాళ్ల కాళ్లే, అరిగిన చెప్పులతో సహా. చుట్టూ కూర్చున్నవాళ్లు హాయిగా తింటున్నారు. ఇంకోదాంట్లో ఒకామె తన జుట్టుతోనే నేల తుడుస్తోంది, తుడిచినచోటల్లా సముద్రం బయటపడుతోంది. ఇవన్నీ కలల్లోంచి పుట్టినవని గైడ్ ఎవరికో చెబుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. కలేమిటి, ఉన్నదున్నట్టు వేశారు కదా! తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్లింది. బొమ్మ మొత్తాన్ని ఫోటో తీసేది కాదు. తెగిన చెప్పు పట్టీ, జుట్టు కొసన మొదలయ్యే అల, మూలన ఎవరూ చూడని చిన్న పిల్లి. ఊపిరి బిగబట్టి ఆ ముక్కను ఫోన్ తెరలో ఇమిడ్చేటప్పుడు ఆమె ఎవరికీ ఏమీ కాదు. పనిచేసేచోట పళ్ల డాక్టరు “అమ్మాయ్, కాఫీ” అంటే లేచే మనిషి కాదు, ఇంట్లో “నా గళ్ల చొక్కా ఏది?” అంటే వెతికిపెట్టే మనిషీ కాదు. సోమవారం బస్సులో నిలబడి ఆ ఫోటోలు ఒక్కొక్కటే చూసుకునేది. “ఆ పిచ్చిగీతల కోసం ఆదివారం పూట ఇల్లొదిలి పోతావా? మొగుడి చొక్కాకి గుండీలు లేవు, అవి కనబడవు గానీ” అనేది అత్తగారు. ఎఫ్రాయిన్ అయితే స్నేహితుల ముందు ఆటపట్టించేవాడు. “మా ఆవిడ పెద్ద కళాకారిణిరా! ఎవరో వేసిన బొమ్మల్ని ఫోటో తీస్తుంది.” వాళ్లు నవ్వేవారు. వాళ్ల గ్లాసులు నింపుతూ తనూ నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ మండుతోంది.

“ఏడుపు మొహం పెట్టకు ఒతీ. ఆ బొమ్మలన్నీ నెట్‌లో ఉంటాయి” అన్నాడు ఎఫ్రాయిన్.

“బొమ్మలుంటాయి. నేను చూసింది ఉండదు.”

“అదేంటి మళ్లీ?” అని విసుక్కుని టీవీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మాడినవి పారేసి మళ్లీ వేయించి, నూరి, మోలే వండింది. ఆదివారం పొద్దున్న గిన్నెకు మూతపెట్టి సంచీ భుజాన వేసుకుంది. ప్రదర్శనకు అదే ఆఖరి రోజు.

“చుట్టాలు వచ్చేవేళకి ఎక్కడికే?” అంది దోన్యా కాందిదా. “టోర్టిల్లా రొట్టెలు ఎవరు వేడిచేస్తారు?”

“పెనం పొయ్యి మీదే ఉంది అత్తయ్యా.”

మ్యూజియంలో ఫోన్ ఎత్తినప్పుడల్లా మోగింది. బొమ్మలోని ఆడదాని మొహం మీద ‘ఎఫ్రాయిన్’ అన్న పేరు వచ్చి కూర్చుంది. కాల్ కట్ చేసి, కెమెరా మళ్లీ తెరిచి కొన్ని తీసింది. కానీ అవి ఆ ఫోటోలు కావు. మొదటిసారి చూసి ఉలిక్కిపడ్డ కళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది? ఆమె ఫోన్ సంచీలో పడేసి, మ్యూజియం మూసేదాకా బెంచీ మీద కూర్చుంది.

“రేపట్నుంచి ఇవి ఎక్కడికి పోతాయమ్మా?” అని అక్కడ కాపలా ఉన్నామెను అడిగింది ఒతీలియా.

“ఉత్తరాన మోంతెర్రే నగరానికి. వచ్చే వారం అక్కడ మొదలవుతుంది.”

ఆమె మెట్లు దిగి, మెట్రోలో ఇంటివైపు కాకుండా ఉత్తరాది బస్సులు బయల్దేరే బస్టాండుకు వెళ్లింది.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు వెళ్లిపోయారు. మోలే అంటుకుని ఎండిపోయిన కంచాలు బల్లనిండా ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి.

“పరువు తీశావు. మా అమ్మ పుట్టినరోజున మా అక్కచేత వడ్డింపించావు” అన్నాడు ఎఫ్రాయిన్. “సరే, ఇవాళ్టితో అయిపోయిందిగా నీ పిచ్చి?”

“మోంతెర్రేలో చూస్తా. శుక్రవారం బస్సు.”

“అంత దూరమా? బొమ్మల కోసమా?” అతను పెద్దగా నవ్వాడు. “ఇంతకీ తిరుగు టికెట్ ఏ రోజుకి తీసుకున్నావు, మహాతల్లీ?”

ఒతీలియా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. కంచాలను ముట్టుకోలేదు.

“తిరుగు టికెట్ తీసుకోలేదు” అంది.