మంగళ, గురు, శనివారాల ఇంజన్

లెక్కల మాస్టారి మోటార్ సైకిల్ కదులుతున్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. ఆపితేనే దాని గుణం బయటపడేది. ఒకరోజు నిలబెట్టిన చోటే గాండ్రించేది. మర్నాడు అదే చోట రెండు దగ్గులు దగ్గి చచ్చిపోయేది.

గురువారం నాడు బడి గేటు దగ్గర హెడ్మిస్ట్రెస్ ఎదురైంది. మాస్టారు బండి ఆపి, యాక్సిలరేటర్ మీంచి చెయ్యి తీసేసి నమస్కారం పెట్టారు. ఆవిడ తొమ్మిదో తరగతి మార్కుల గురించి మొదలుపెట్టిందో లేదో, బండి ఒక్కసారిగా గాండ్రించింది. ఆవిడ గొంతు పెంచింది. బండి ఇంకా పెంచింది. మాస్టారు తాళం తిప్పి ఆపేసేసరికి గేటు దగ్గరున్న పిల్లలంతా ఇటే చూస్తున్నారు.

"కోపం ఉంటే నోటితో చెప్పండి మాస్టారూ, బండితో చెప్పించకండి" అని హెడ్మిస్ట్రెస్ లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం స్క్రూడ్రైవర్ తీసుకుని బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వేగాన్ని నిర్ణయించే ఐడిలింగ్ స్క్రూను ఒక చుట్టు వదులు చేశారు. శుక్రవారం నాడు నాలుగు రోడ్ల కూడలిలో, సరిగ్గా పచ్చదీపం వెలిగిన క్షణంలో, బండి ఆగిపోయింది. వెనక బస్సు డ్రైవర్ హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. మాస్టారు పదకొండు కిక్కులు కొట్టి, చొక్కా తడిసి ముద్దయ్యాక, నెట్టుకుంటూ బడికి చేరారు.

ఇది మూడు వారాలుగా నడుస్తున్న భాగోతం. మాస్టారు మాత్రం ఊరికే కూర్చోలేదు. దేన్నైనా ఒక పద్ధతి ప్రకారం చేస్తేగాని ఆయనకు అన్నం సయించదు. 'ఒక్కసారికి ఒక్కటే మార్చాలి' అన్నది ఆయన సూత్రం. మొదటివారం స్పార్క్ ప్లగ్ విప్పి గరుకు కాగితంతో రుద్దారు. రెండోవారం ఎయిర్ ఫిల్టర్ దులిపారు. మూడోవారం పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌ను భోజనాల బల్ల మీద విప్పి, దాని సన్నటి రంధ్రాలన్నీ ఊది, మళ్ళీ బిగించారు. బిగించాక ఒక వాషర్ మిగిలింది. అది ఎక్కడిదో ఈనాటికీ తెలియదు. ప్రతిదీ ఒక నోటుపుస్తకంలో తేదీ, వారం, వేళతో సహా రాసుకున్నారు. 'ఇంట్లో ఎవరూ బండి ముట్టుకోరాదు' అని అట్టముక్క మీద రాసి హ్యాండిల్‌కి వేలాడదీశారు.

ఆ ఇంట్లో ముట్టుకోవడానికి ఉన్నది ఇద్దరే. ఒకరు మాస్టారి భార్య, ఊరికి ఆ చివరన ఉన్న ఆస్పత్రిలో నర్సు. సోమ, బుధ, శుక్రవారాలు ఆమెది పొద్దున్న డ్యూటీ. మిగతా మూడు రోజులూ మధ్యాహ్నం. ఏ డ్యూటీకైనా రెండు బస్సులు మారాల్సిందే. ఇంకొకరు ఆమె తండ్రి, ముప్ఫై నాలుగేళ్ళు రైలింజన్ నడిపి రిటైరైన మనిషి.

"మా ఇంజన్లు స్టేషన్లో గంటసేపు నిలబడ్డా ఒకే శ్రుతిలో ఉండేవి అల్లుడుగారూ" అనేవారాయన.

"వాటికి కార్బురేటర్ ఉండదు కదా మామగారూ."

"అందుకే ఉండకూడదంటాను."

నోటుపుస్తకం చూస్తుంటే మాస్టారికి మతి పోతోంది. మంగళ, గురు, శనివారాల్లో బండి గాండ్రిస్తోంది. ఆ సాయంత్రాలు తాను స్క్రూ తగ్గిస్తే, మర్నాడు దారిలో ఆగిపోతోంది. వాతావరణమా అంటే, వాతావరణానికి వారాలు తెలియవు. ఇంకో వింత కూడా ఉంది. ఆ మూడు రోజుల్లోనూ పొద్దున్నే మొదటి కిక్కుకే స్టార్టవుతోంది. 'ఉదయపు చలి ప్రభావం లేదు' అని రాసుకున్నారు. పైగా ముందురోజు సాయంత్రానికీ మర్నాటి ఉదయానికీ మధ్య బండి నాలుగు కిలోమీటర్లు తిరిగినట్టు మీటరు చూపిస్తోంది. నిలబెట్టిన బండి తిరగదు కాబట్టి, 'మీటరు కేబులు చెడింది' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు.

చివరికి ఆదివారం పొద్దున్న, "ఇక నావల్ల కాదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాను" అని ప్రకటించారు.

వంటింట్లో గిన్నె జారిపడిన చప్పుడు. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేనూ వస్తానండీ" అంది.

"నేనూ వస్తాను" అన్నారు మామగారు, పేపరు మడిచి.

తన కష్టం ఇంటిల్లిపాదికీ పట్టిందని మాస్టారు పొంగిపోయారు. తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం గమనించలేదు.

రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో ఉండే మెకానిక్‌ను అందరూ సైలెన్సర్ అంటారు. అతని నోట్లోంచి మాట రాలడం అంత అరుదు. మాస్టారు బండి నిలబెట్టి, మూడు వారాల చరిత్రా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. సైలెన్సర్ వింటున్నాడో లేదో తెలియదు. ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక పక్కకి చెవి వొగ్గి నిలబడ్డాడు. తర్వాత సబ్బునీళ్ళ సీసా తెచ్చి, కార్బురేటర్‌నూ ఇంజన్‌నూ కలిపే నల్ల రబ్బరు గొట్టం మీద పిచికారీ కొట్టాడు. ఎగుడుదిగుడుగా ఉన్న ఇంజన్ చప్పుడు ఠక్కున మారింది. నీళ్ళు ఆరగానే మళ్ళీ మొదటికొచ్చింది. సైలెన్సర్ ఆ రబ్బరును వేలితో వంచి చూపించాడు. కిందివైపు, వెంట్రుక మందాన పగులు.

"గాలి లాగుతోంది" అన్నాడు.

"ఓహో!" అన్నారు మాస్టారు. "కార్బురేటర్ దాటాక అదనంగా గాలి చొరబడుతోందన్నమాట! మిశ్రమం పలచబడుతోంది! కానీ మంగళ, గురు, శనివారాల్లోనే గాండ్రించడమేమిటి?"

సైలెన్సర్ టార్చి తీసి ఐడిలింగ్ స్క్రూ మీద వేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు గుడ్డతో తుడుచుకుని, "ఆ పుస్తకం ఇలా ఇవ్వండి మాస్టారూ" అన్నాడు.

లోకంలో ఆ పుస్తకం అడిగిన మొదటి మనిషి అతనే. మాస్టారు రెండు చేతులతో అందించారు. సైలెన్సర్ పేజీలు తిప్పి, పెదవులు కదుపుతూ చదివి, తలెత్తాడు. చూసింది మాత్రం మాస్టారి వైపు కాదు.

"మంగళ, గురు, శనివారాలు తెల్లారగట్ల బండెవరు తీస్తున్నారు?"

తండ్రీకూతుళ్ళు నేలచూపులు చూశారు.

"ఈ స్క్రూ తల మీద మూడు రకాల గాట్లున్నాయి" అన్నాడు సైలెన్సర్. "ఒకటి స్క్రూడ్రైవర్. ఒకటి చాకు. ఒకటి కత్తెర మొన." అతను ఆ నెలలో మాట్లాడిన అతి పెద్ద మాట బహుశా అదే.

మామగారు జేబులోని మడతచాకును ఇంకాస్త లోపలికి తోసుకున్నారు. "నేర్చుకునే పిల్ల అల్లుడుగారూ... స్లోలో పెడితే ఊరికే ఆగిపోతోంది. అందుకని కొంచెం, అంటే ఒక రెండు చుట్లు పెంచాను."

"ఎవరా నేర్చుకునే పిల్ల?"

"నేనేనండీ" అంది భార్య. "తిరిగొచ్చాక మీరు పెట్టిన చోటికే తిప్పేద్దామనుకునేదాన్ని. ఎన్ని చుట్లో నాన్న ఎప్పుడూ సరిగ్గా చెప్పరు. ఆస్పత్రి కత్తెరతో అందాజుగా తిప్పేదాన్ని."

మాస్టారు భార్య వైపు తిరిగారు. "బండి స్టార్ట్ చేస్తే నాకు వినిపించదా?"

"వీధి చివరిదాకా నెట్టుకెళ్ళేవాళ్ళం. అయినా మీ గురక ముందు ఏం వినిపిస్తుంది!"

"నన్నడిగితే నేను నేర్పనూ?" అన్నారు మాస్టారు.

"అడిగానండీ! నాలుగు ఆదివారాలు క్లచ్ బొమ్మ గీసి చెప్పారు. ఐదో ఆదివారం పరీక్ష పెట్టారు. బండెక్కమని మాత్రం ఒక్కసారీ అనలేదు."

"పరీక్షలో నీకు ఇరవైకి పధ్నాలుగే వచ్చాయి" అన్నారు మాస్టారు. అన్నాక, సైలెన్సర్ తనవైపు చూస్తున్న చూపు చూసి, మిగతాది మింగేశారు.

సైలెన్సర్ కొత్త రబ్బరు బిగించాడు, ఇంజన్ వేడెక్కనిచ్చాడు, స్క్రూ పావు చుట్టు అటు, కాస్త ఇటు తిప్పాడు. బండి గోడగడియారంలా కొట్టుకోవడం మొదలెట్టింది. మాస్టారు ఆ చప్పుడు వింటూ పుస్తకం తీసి, మీటరు కేబులు గురించి రాసిన వాక్యాన్ని కొట్టేశారు. ఎందుకో ఆయనకు నవ్వొచ్చింది. ముందు మీసాల్లోనే నవ్వారు. ఆపుకోలేక షెడ్డు స్తంభం పట్టుకున్నారు. "నాలుగు కిలోమీటర్లు! రెండు గీతలు కూడా కొట్టాను!"

"ఈ స్క్రూ ఇక ఒక్కరే తిప్పండి" అన్నాడు సైలెన్సర్. "ట్రయల్ ఎవరేస్తారు?"

మాస్టారు బండి వైపు అడుగేశారు. ఆగారు. పక్కకి జరిగి, "నువ్వు వెయ్యి. నేను వెనక కూర్చుంటా" అన్నారు భార్యతో.

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కింది. మామగారు రావడానికి చోటు లేదు. ఆయన అప్పటికే స్టూలు లాక్కుని, ఆవిరింజన్ల కాలం నుంచీ సైలెన్సర్‌కి కథ మొదలుపెట్టేశారు. వద్దని చెప్పాలన్నా సైలెన్సర్‌కి నోరు పెగిలేది కాదు.

భార్య భుజం మీద చెయ్యి వేసి కూర్చున్న మాస్టారు, "క్లచ్ నెమ్మదిగా... అదీ... ఇప్పుడు రెండో గేరు..." అంటూనే ఉన్నారు. ఆయన అనేసరికే ఆమె ఆ పని చేసేసి ఉంటోంది. మూడో గేరుకి ఆయన గొంతు సన్నగిల్లింది. నాలుగో గేరుకి కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి కూడలి. ఎర్రదీపం. బండి కాళ్ళ కింద టుక్కు టుక్కుమంటూ నిలకడగా ఉంది.

"ఇల్లు దాటిపోయామే!" అన్నారు మాస్టారు.

"ఆస్పత్రిదాకా వెళ్ళొద్దామండీ. రెండు బస్సుల దూరం ఎంతో ఒకసారి చూస్తాను."

దీపం పచ్చబడింది. వెనకనున్న బస్సు హారన్ కొట్టేలోపే ఆమె కూడలి దాటించేసింది. మాస్టారు రెండో చెయ్యి కూడా భుజం మీద వేసి గట్టిగా పట్టుకున్నారు.