పెద్దమ్మ తల

మా ఇంట్లో అలమారాలో పెద్దమ్మ నాలుగు నెలలు తల లేకుండా నిలబడింది.

పెద్దమ్మ అంటే టీవీలో వచ్చే ఓడ సీరియల్లో ఇంజను గది మనిషి. ఆ సీరియల్ బొమ్మలు చేసే కంపెనీ కెప్టెన్ని పదకొండు రకాలుగా చేసింది. కోటుతో, కోటు లేకుండా, తడిసిన కోటుతో. ఓడని రెండుసార్లు మునిగిపోకుండా కాపాడిన పెద్దమ్మని మాత్రం చేయలేదు. మాలాంటివాళ్ళం ఉత్తరాలు రాసి రాసి విసిగాక చివరికి చేశారు, అదీ ముక్కలుగా. ఆరు కొత్త బొమ్మల పెట్టెల్లో ఒక్కోదాంట్లో ఆమెది ఒక్కో భాగం. ఆరూ కొంటేనే ఆమె పూర్తవుతుంది. కాళ్ళు, చేతులు, మొండెం నాకు దొరికాయి. తల మాత్రం అదే సీరియల్లోని దొంగ డాక్టరు బొమ్మ పెట్టెలో ఉంది.

ఊళ్ళో ఆ బొమ్మలమ్మే దుకాణం ఒక్కటే. దానికి వచ్చిన దొంగ డాక్టర్లు ఆరుగురు. ఆరుగుర్నీ దుకాణదారు బావమరిది పట్టుకుపోయాడు. ఆయన మా బొమ్మల సంఘానికి అధ్యక్షుడు. ఏ పెట్టే తెరవడు కాబట్టి అందరూ సీలన్న అంటారు. నెలకోసారి దుకాణం వెనక గదిలో కలిసినప్పుడు ఆ ఆరింటినీ తెచ్చి బల్ల మీద గోడలా పేర్చేవాడు. మొదటి నెలలోనే నేను ఒకటి అడిగాను. బదులుగా నా దగ్గరున్న ఏ బొమ్మ కావాలన్నా ఇస్తానన్నాను.

"మూత తీసినవి నేను ముట్టుకోను చెల్లెమ్మా," అన్నాడు.

ఆ రోజునుంచి నాకు మొండెం అని పేరు పెట్టాడు. మొండెం వచ్చిందా అని అడిగేవాడు, మొండానికి టీ ఇవ్వండి అనేవాడు. అందరూ నవ్వారు. తర్వాత్తర్వాత నవ్వకుండానే, నా అసలు పేరు అదే అయినట్టు పిలవసాగారు. నేనూ నవ్వాను. నవ్వి, గుర్తుపెట్టుకున్నాను.

నేను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. మైనంతో చిగుళ్ళు దిద్దడం, అచ్చు పోయడం, పళ్ళు వరసగా కూర్చోబెట్టడం నా పని. మూడో నెలలో, వేరే ఊరివాడెవడో దొంగ డాక్టరు పెట్టె విప్పుతూ తీసిన వీడియో చూశాను. పెట్టెలో తల అట్ట వెనక ఉంటుంది, బయటికి కనబడదు. వాడు తీసి చూపించగానే నా కళ్ళు నోటి మీదికి పోయాయి. ఎవర్ని చూసినా నాకదే అలవాటు. సీరియల్లో పెద్దమ్మకి పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. ఆ సందులోంచి వేసిన ఈలతోనే పొగమంచులో ఓడని మళ్ళించింది. కంపెనీవాళ్ళు ఆ నోట్లో నిండుగా పళ్ళు పెట్టారు.

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మూడు వారాలపాటు మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి, ఫోన్లో సీరియల్ని ఆపి ఆపి చూస్తూ మైనంలో తల దిద్దాను. పళ్ళ సెట్లకి వాడే పదార్థంతోనే పోతపోసి రంగులు వేశాను. పన్ను సందు ఒక్కదానికే రెండు రోజులు పట్టింది.

నాలుగో నెల, ఆరు పెట్టెల గోడ ముందు పెద్దమ్మని నిలబెట్టాను. అందరూ వంగి చూశారు. సీలన్న వంగలేదు.

"దొంగ తల," అన్నాడు. "మొండానికి ఏ తలైతేనేం."

"అసలుది పక్కన పెడితే తేలిపోతుంది కదన్నా," అన్నాను.

అందరూ ఆయన వైపు చూశారు. చివరికి దుకాణదారే, "తియ్యి బామ్మర్దీ, ఒక్కటేగా. ఇంకా అయిదుంటాయి," అన్నాడు.

సీలన్న గోటితో టేపు లేపాడు. అది ఊడుతున్నంతసేపూ తన చర్మమే ఊడుతున్నట్టు ముఖం పెట్టాడు. తల బయటికొచ్చింది. పెద్దమ్మ నిండు పళ్ళతో పెళ్ళికూతురిలా నవ్వుతోంది.

"మరి ఈలెలా వేస్తుంది?" అన్నాడు వెనకనుంచి మా సంఘంలోనే ఉన్న ఒక బస్సు డ్రైవరు. ఇక నవ్వులు ఆగలేదు.

నేను పెట్టిన ఉచ్చు అంతవరకే. రెండోది తీయమని ఎవరూ అనలేదు. ఈ ఒక్కటీ పొరపాటున అలా వచ్చుంటుందని ఆయనే అన్నాడు, ఆయనే తీశాడు. తర్వాత మూడోది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన్ని ఆపాలంటే, కంపెనీ అన్నిటినీ అలాగే చేసిందని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. ఆరో టేపు ఊడేదాకా అక్కడే ఉంచాను.

బల్ల మీద ఆరు తలలు వరసగా ఇకిలిస్తున్నాయి. ఆయన ఒకదాన్ని నా వైపు తోశాడు.

"తీసుకో చెల్లెమ్మా. నువ్వడిగిందేగా."

"మూత తీసినవి నేను ముట్టుకోనన్నా," అన్నాను.

సోమవారం ఆయన ల్యాబుకి వచ్చాడు. చేతిలో రుమాలు మూట, అందులో ఆరు తలలు. సంఘంలో అందరూ నేను చేసిన తల గురించే మాట్లాడుకుంటున్నారట. వీటికి కూడా ఒక్కో పన్ను తీసిపెట్టాలట. పళ్ళు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళ బెంచీ మీద, ఒక బోసినోటి తాతగారి పక్కన కూర్చోమన్నాను. అప్పుడు నా చేతిలో ఏ పనీ లేదు. అయినా ఉన్న పరికరాలన్నీ ఒక్కొక్కటే కడిగి, తుడిచి, మళ్ళీ కడిగాను.

ఆఖరికి ఆయనే లేచి వచ్చాడు. ఎన్నాళ్ళు పడుతుందమ్మా అని మెల్లగా అడిగాడు. మొండెం అనలేదు.

ఒక్కో తలకి రెండు నిమిషాల పని. మూట అందుకుని సొరుగులో పెట్టి తాళం వేశాను.

"నాలుగు నెలలు," అన్నాను.