నాలుగున్నర కిలోల పిల్ల

మా అత్త సారవ్వ వార్డులోకి వచ్చిన ప్రతి మనిషికీ నా బిడ్డను ఎత్తి చూపిస్తోంది. పొద్దున ఆపరేషన్ చేసి తీశారు. నాలుగున్నర కిలోలు.

"చూడుండ్రి, చేతులకు మడతలు! నేను పెట్టిన తిండి గిది."

పక్క మంచం దగ్గర మనవరాలికి తోడొచ్చిన పోశవ్వ నవ్వింది. "సారవ్వా, దీన్ని ఆటోల తీస్కపోలేవు. బొగ్గు మోసే డంపర్ తెప్పియ్యి."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బిడ్డ చేతులు సన్నగా వణుకుతున్నాయి. చలి అనుకుని అత్త ఇంకో తువ్వాల చుట్టింది. రొమ్ముకు పట్టిస్తే నోరు తెరవలేదు, తల వేలాడేసింది.

ఆరో నెలలో నాకు షుగర్ ఉందని తేలింది. తీపి మానాలి, రోజూ పొట్ట మీద ఇన్సులిన్ వేసుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. "పొట్టల సూది పొడిస్తె పిల్లకు గుచ్చుకోదా?" అని అత్త సూదిని నా చేతిలోంచి గుంజుకుంది. బొగ్గుగనిలో డ్యూటీ నుంచి వచ్చిన నా మొగుడు సంపత్‌తో చెప్పుకున్నాను. "అవ్వ నలుగురిని కన్నది. ఆమెకు తెల్వదా?" అన్నాడు. ఆ మాటతో ఇన్సులిన్ ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరి కోసం తినాలంటూ అత్త అన్నం మీద అన్నం, బెల్లం పరమాన్నం వడ్డించి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నా ఎదుటే కూర్చునేది.

నర్సు ప్రసూన వచ్చి బిడ్డ మడమ మీద పొడిచి రక్తపు చుక్క తీసింది. మిషన్ వైపు చూసి గబగబా చేతులు చాపింది.

"బిడ్డకి షుగర్ పడిపోయిందండీ. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాలి. ఇటివ్వండి."

అత్తకు షుగర్ అన్న మాట ఒక్కటే వినబడింది. బిడ్డను గుండెకు అదుముకుంది.

"షుగరా? పుట్టిన పొద్దేనా? తల్లి రోగం పిల్లకంటించింది! షుగరున్న పిల్లకు మల్ల చక్కెర నీళ్ళు ఎక్కిస్తరా? చంపుతరా ఏంది?"

"జబ్బు కాదమ్మా, చక్కెర తగ్గిపోయింది. కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తంలోంచి ఎక్కువ చక్కెర అందింది. అందుకే ఇంత లావైంది. ఆ చక్కెరను కరిగించడానికి బిడ్డ ఒంట్లోనే ఇన్సులిన్ ఎక్కువగా తయారైంది. బొడ్డు కోశాక చక్కెర ఆగిపోయింది, ఇన్సులిన్ ఆగలేదు. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. మెదడు దెబ్బతింటుంది."

"గింత దుక్కలెక్క బలంగ ఉన్న పిల్లకు రోగమేంది? మా ఇంటి పెద్దమనిషి, మా మరిది లింగమూర్తిని రానీ. అడిగినంక ఇస్త."

గోడకానుకుని నిలబడ్డ సంపత్ నర్సు వైపు చూడలేదు. "ఏం చేద్దామే అవ్వా?" అన్నాడు.

నేను మంచం దిగాను. కుట్లు భగ్గుమన్నాయి.

"బొగ్గుబాయిల పైకప్పు కూలెటట్టు చప్పుడైతె ఏం జేస్తవు? అవ్వకు ఫోన్ చేసి అడుగుతవా, ఉరుకుతవా?"

నా గొంతు అంత పెద్దదని అతనికి తెలియదు. నాకూ తెలియదు.

"మెల్లగ మాట్లాడు యమునా. అందరు చూస్తున్నరు."

"చూడనీ! సూది గుంజుకున్ననాడు ఎవ్వలు చూడలే. గిప్పుడన్న చూడనీ."

అత్త చేతుల మీద చెయ్యి వేశాను. ఆమె వదల్లేదు.

"ఇడువు అత్తా. పొద్దటి నుంచి అందరికి చూపెట్టి మురుస్తున్నవు గద, గా లావే రోగం. ఇడువు!"

లాక్కుని ప్రసూన చేతుల్లో పెట్టాను. గోడ పట్టుకుని ఆమె వెంట నడిచాను. చంటిపిల్లల గదిలో నరం దొరకక చేతి మీద రెండుచోట్ల పొడిచారు. బిడ్డ ఏడవలేదు. గ్లూకోజ్ ఎక్కుతూ పోయింది. చాలాసేపటికి మళ్ళీ మడమ పొడిచినప్పుడు, బిడ్డ కాలు వెనక్కి గుంజుకుని కేరుమంది.

"పెరుగుతోంది" అంది ప్రసూన.

"మెదడుకు ఏం కాదు గద సిస్టర్?"

"ఇప్పుడే చెప్పలేమండీ. మళ్ళీ పడిపోకుండా చూస్తాం. మీరు పాలు పిండి ఇవ్వండి."

గది బయట బల్ల మీద గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. సంపత్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అవ్వ ఏడుస్తున్నది. ఏం గాలేదని ఒక్క మాట చెప్పరాదు?"

"ఏం గాలేదా? లోపలికి పోయి నీ బిడ్డను చూసి రా. వచ్చినంక గా మాట మల్ల అను."

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. వాళ్ళ అవ్వ దగ్గరికి పోలేదు. నేను తలెత్తలేదు. పాలు చుక్క చుక్కగా పడుతున్నాయి.