టీ వంతు

ఆదివారం పొద్దున్నే ఫుమియె రెండు ఫ్లాస్కులు కడిగి బోర్లించింది. ఒకటి భర్త తత్సువొకి, నాలుక చుర్రుమనేంత వేడిగా, చిక్కగా. రెండోది మిగతా కోచ్‌లకి. మత్సుయామా ఊళ్లో పిల్లలు బేస్‌బాల్ ఆడే మైదానాల్లో ఇదే పద్ధతి. మగవాళ్లు ఆట నేర్పుతారు, తల్లులు వంతులవారీగా వాళ్లకి టీ అందిస్తారు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది పెద్దకోచ్ భార్య, అంటే ఇక్కడ ఫుమియె. ఎవరికి చల్లటిది కావాలో, ఎవరికి చక్కెర పడదో గుర్తుండాలి. మరిచిపోతే ఎవరూ ఏమీ అనరు. ఆ అనకపోవడానికే వారం రోజులు నిద్రపట్టదు.

తత్సువొ అల్లాటప్పా కోచ్ కాదు. పద్దెనిమిదేళ్లు పెద్ద జట్టులో, బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులు అందుకునే క్యాచర్‌గా ఆడి రిటైరైనవాడు. ఇప్పటికీ చేపల దుకాణంలో అతన్ని చూస్తే ఒక ముక్క ఎక్కువ వేస్తారు. మోకాళ్లు అరిగిపోయాక సొంత ఊరొచ్చి ఈ జట్టు పెట్టాడు. పిల్లలంటే ప్రాణం. మంచివాడే. ఆ మాట ఫుమియె ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది.

మంచివాడు కాబట్టే తన కష్టం ఆమెకి ఇన్నేళ్లూ తెలియలేదేమో. అతను జట్టులో ఆడే రోజుల్లో, ఆటల్లేని చలికాలంలో పెరట్లో వల కట్టి, "ఓ నాలుగు బంతులు వెయ్యవోయ్," అనేవాడు. ఆమె పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో బంతినీ మెల్లగా గాల్లోకి వేస్తే అతను వలలోకి కొట్టేవాడు. నాలుగు కాస్తా బుట్టలు బుట్టలయ్యేవి. కడుపుతో ఉన్నప్పుడు కూడా స్టూలు మీద కూర్చుని వేసింది. అత్తగారు కిటికీలోంచి చూసి, "దాని చెయ్యి కుదిరింది, వాడి దెబ్బ కుదిరింది," అని మురిసిపోయేది. రిటైరైన రోజు స్టేడియమంతా లేచి నిలబడితే, అతను మైకులో కోచ్‌లకీ, అభిమానులకీ, "ఇల్లు కనిపెట్టుకుని ఉన్న నా భార్యకీ" కృతజ్ఞతలు చెప్పాడు. ఆమె సంతోషంతోనే ఏడ్చింది. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే కుడిభుజం సలిపింది. ఇల్లు కనిపెట్టుకుని ఉంటే భుజం ఇలా అరుగుతుందా అని నవ్వొచ్చింది.

కిందటి ఆదివారం నొజొమి వచ్చింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసే తల్లి. తత్సువొ ముందు నడుం వంచి, "కోచ్‌గారూ, డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తున్నాను. టీ వంతు నుంచి తప్పిస్తే..." అంది.

"అది ఆడవాళ్ల వ్యవహారం తల్లీ. మా ఆవిడ చూసుకుంటుంది," అన్నాడతను ఎంతో మర్యాదగా.

నొజొమి ఫుమియె వైపు తిరిగి మళ్లీ వంగింది. "కుదరదంటే పిల్లాణ్ణి మాన్పిస్తాను ఫుమియెగారూ. వాడికింకా చెప్పలేదు."

ఆ వంగిన తల చూసి ఫుమియెకి ఒళ్లు మండింది. నొజొమి మీద కాదు. టీ తాగేవాళ్లు హాయిగా బెంచీ మీద ఉన్నారు, పోసేవాళ్ల మీద మేస్త్రీగా తనను నిలబెట్టారు. తనూ ఇన్నాళ్లు నిలబడింది.

"మాన్పించకు. వచ్చేవారం నీ వంతుకి ఉత్త చేతులతో రా," అంది.

ఈవేళ ఫుమియె ఫ్లాస్కులతో మైదానం గట్టెక్కి గడ్డిలో కూర్చుంది. తల్లులందరినీ పిలిచి కూర్చోబెట్టి వాళ్లకే పోసింది. నొజొమి రెండు కప్పులు తాగి కూర్చున్నచోటే కునుకు తీసింది.

"మరి కోచ్‌గారికి?" అని ఒకావిడ గొణిగింది.

"చూద్దాం ఉండు."

విరామంలో తత్సువొ ఒక పిల్లాడికి బ్యాట్ పట్టు సరిచేస్తూనే చెయ్యి వెనక్కి చాచాడు. ఇదివరకైతే ఆ చేతిలోకి కప్పు వచ్చేది. ఇవాళ రాలేదు. చెయ్యి అలాగే ఉంది. ఫుమియె కాళ్లు వాటంతటవే లేవబోయాయి. మోకాళ్లని రెండు చేతులా అదిమిపట్టి కూర్చుంది. బంతులు వేసినప్పుడు కూడా ఆమెకి ఇంత కష్టం అనిపించలేదు.

"టీ ఏదోయ్?"

"ఇక్కడుంది. వచ్చి పోసుకోండి."

"పిల్లలకి నేర్పుతున్నాను కదా."

"నేర్పండి. మన మైదానంలో ఇక టీ వంతులు లేవు. ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు."

తత్సువొ వెనక్కి తిరిగి భార్య మొహం చూశాడు. ఎదుటివాళ్ల మనసు కనిపెట్టడమే క్యాచర్ పని. మోకాలు పట్టుకుని గట్టెక్కాడు. ఫ్లాస్కు మూత ఎటు తిప్పాలో తెలియక తంటాలుపడ్డాడు. ఎవరూ సాయం చెయ్యలేదు. చివరికి పోసుకుని, ఊదుకుని ఓ గుటక తాగాడు. నిద్రలో ఒరిగిపోతున్న నొజొమిని చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికైనా పొయ్యనా?"

ఫుమియె మైదానం మీంచి చూపు తిప్పకుండానే తన కప్పు చాచింది.