ముడుచుకున్న డేలియాలు

పండుటాకు గిల్లడానికి వంగిన ఆమె చెయ్యి కుండీ మీదే ఆగిపోయింది. ఆకు పండలేదు, నిప్పు సోకిన కాగితంలా మెలితిరిగింది. పక్క కుండీ చూసింది. ఆ పక్కదీ అంతే. నీడవల కింద బారులు తీరిన నలభై డేలియాలూ మెడలు వాల్చేశాయి. పూల ప్రదర్శనకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

ఈ వసంతం తోటవాళ్ళ మీద కక్ష కట్టినట్టే ఉంది. పోనని మొండికేసిన చలికి సగం మొక్కలు కుళ్ళాయి. మిగిలినవి మొగ్గ తొడిగేసరికి పేనుబంక పట్టింది. మొన్న పొద్దున్న దానికి మందు కొట్టింది పెద్దమాలి. ఆ ముందురోజు సాయంత్రం అదే పిచికారీ డబ్బాతో బాటల వెంట కలుపు మందు చల్లింది మాత్రం ఆమె. బస్సు పోతుందన్న తొందరలో, పొద్దున్నే కడగొచ్చులే అని డబ్బా మూలన పెట్టేసింది. పొద్దున్న ఆమెకంటే ముందు అతనొచ్చి, ఆ కడగని డబ్బాలోనే మందు కలిపాడు.

తోటల అధికారి వచ్చి కుండీల మధ్య అటూ ఇటూ నడిచి, ఎవరి పని అని అడిగాడు. పదేళ్ళు ఎదురుచూస్తే ఈ ఏడే ఆమె ఉద్యోగం ఖాయమైంది. నోరు పెగిలేలోపే పెద్దమాలి ముందుకొచ్చాడు.

“నాదే సార్ తప్పు. ఈమధ్య చూపు సరిగ్గా ఆనట్లేదు. ఒక సీసా అనుకుని ఇంకోటి కలిపేసుంటాను.”

ఆమెను కాపాడడానికి అన్న మాట కాదది. నిజంగానే అలా నమ్మాడు. అధికారి కోప్పడలేదు. ఎలాగూ నాలుగు నెలల్లో దిగిపోయేవాడివే కదా, సెలవు పెట్టి ఇంటిపట్టున ఉండమని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది.

భర్త పోయి, పలుగూ పారా తేడా తెలియకుండా వచ్చిన ఆమెకు ఓనమాలు దిద్దించింది అతనే. వేలి కణుపుతో కుండీని తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల తడి ఉందో లేదో చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. ఈరోజూ ఒక కుండీ తట్టాడు. చెవి ఒగ్గాడు. మళ్ళీ తట్టాడు.

“తడుందంటావా? నువ్వోసారి వేలు పెట్టి చూడమ్మా.”

అంతవరకు ఎవరినీ అడిగి ఎరగడు. ఆమె వేలు పెట్టి చూసి, ఉంది బాబాయ్ అంది.

“నీ కష్టమంతా బూడిదలో పోశాను. ఏమీ అనుకోకు.”

“ఫర్వాలేదులే బాబాయ్” అనేసింది. తప్పు చేసిన తనే క్షమించేసింది. ఆ మాట రోజంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది. ప్రదర్శన బల్లలు బోసిపోకుండా గట్ల మీది బంతిమొక్కలు పెళ్ళగించి కుండీల్లోకి మారుస్తున్నంతసేపూ, చెప్పాల్సిన మాటలు నోట్లోనే కూడబలుక్కుంది. నాలుగింటికి ఇక ఉండబట్టలేక, మట్టిచేతులతోనే పనిముట్ల గదికి పరుగెత్తింది.

గదిలో ఎవరూ లేరు. మధ్యాహ్నమే తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోయాడని కాపలాదారు చెప్పాడు. ఆమెను పిలవనా అంటే, పనిలో ఉంది, కదిలించకు అన్నాడట.

ఆవలి వరండా చివర అధికారి గది తలుపు తెరిచే ఉంది. ఆమె అటు నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చేసింది.

గుమ్మం పక్కన అతను తోటపనికి వేసుకునే చెప్పులు ఉన్నాయి; ఒకదానికి తెగిన పట్టీ రాగితీగతో కట్టి ఉంది, రెండింటి మీదా అయిదేసి వేళ్ళ గుంటలు.