తోక ఊడ్చిన ఇసుక

ఇసుక మీద గీసిన ఆ గుండ్రటి గీతలో ఉన్నవి నేల ఉడుత అడుగులని కలహారి ఎడారిలో పాలు తాగే పిల్లయినా చెబుతుంది. ఫ్లోరిస్ మామ అడిగింది అది కాదు. "ఇక్కడ అదేం చేసిందో చెప్పండి," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా జాడలు చదువుతున్న మనిషి, పరీక్ష పెట్టేదీ ఆయనే. నెగ్గినవాళ్ళకి జంతువుల పార్కులో జాడలు తీసే ఉద్యోగం. గీత దాటి జాడ తొక్కినవాళ్ళు అక్కడికక్కడే ఫెయిలు.

పరీక్షకొచ్చిన మగాళ్ళు అయిదుగురిదీ ఒకటే మాట: "పరిగెత్తింది."

లెంకీ వంగి చూసింది. వాళ్ళ ఊరినుంచి ఈ పరీక్షకొచ్చిన మొదటి ఆడది తనే. చిన్నప్పుడు మేకలు కాస్తూ ఉడుత బొరియల దగ్గరే పెరిగింది. నిప్పులు చెరిగే ఎండలో తోకని గొడుగులా నెత్తిన పట్టుకుని దర్జాగా మేసే ఆ బుల్లి ప్రాణులంటే, తనే కన్నంత గర్వం ఆమెకి.

"పరిగెత్తలేదు మామా. అడుగులన్నీ గీతకవతలున్న ఆ బొరియకేసే తిరిగున్నాయి. ఒకడుగు ముందుకేసి, ఒకడుగు వెనక్కేసింది. అటూ ఇటూ తోకతో ఇసుక ఊడ్చేసింది. పాముని చూస్తేనే అలా చిందులేస్తుంది. లోపల పాముంది."

"మరి పాము జాడేదమ్మా?"

"ఉడుత తోకే చెరిపేసింది."

"బాగుంది! జాడ కనపడకపోతే ఉడుత మీదకి తోసెయ్యడమే," అని ఒకడు పకపకా నవ్వాడు.

మామకీ నవ్వొచ్చింది. "ఇదిగో, బొరియ అంచున ఉడుత వెంట్రుకలు. హాయిగా లోపల పడుకుని ఉంటుంది," అంటూ మోకాళ్ళ మీద కూర్చుని బొరియలోకి చెయ్యి చాపాడు.

లెంకీ ఒక్క గంతులో గీత దాటింది. జాడలన్నీ తొక్కేసి, ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. బుస్సుమంటూ నాగుపాము పడగ విప్పి బయటికొచ్చింది. అబ్బో, ఆ మగధీరులు అయిదుగురూ అయిదు దిక్కులకి లగెత్తారు!

పాము పొదల్లోకి పోయాక మామ చెమట తుడుచుకున్నాడు. "ప్రాణం నిలబెట్టావు తల్లీ. కానీ జాడ తొక్కావు. నా ప్రాణం కోసం నియమం మార్చేస్తే రేపు నా మాటెవడు వింటాడు?"

"తెలుసు మామా. తెలిసే తొక్కాను."

ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ సీనా వేడి బూడిదలో కాల్చిన రొట్టె తీస్తోంది.

"నెగ్గావా?"

"లేదమ్మా, ఫెయిలు."

"మరి ఇసుక దిబ్బలన్నీ నీవే అన్నట్టు నడిచొస్తున్నావేమే?"

లెంకీ జరిగిందంతా చెప్పింది. "మామ అందరి ముందూ అన్నాడమ్మా, 'ఇవాళ తప్పు చదివింది నేను, సరిగ్గా చదివింది ఈ పిల్ల' అని."

సీనా రొట్టె అక్కడే వదిలేసింది. గుడిసె బయటికొచ్చి, నడుం మీద చేతులేసుకుని, ఊరంతా వినబడేలా కేకేసింది.

"వినండర్రా! నా కూతురు పరీక్ష తప్పింది!"